నంబర్లు పిలిచే వేళ

కిందటి వారం రాసినదాంట్లో మా వ్యాన్‌ని క్రేక్‌మూర్ వెళ్ళే కొండదారిలో, రోడ్డుకి అడ్డంగా గొర్రెలు నిలబడ్డ చోట వదిలేశాను. అవి కదలడానికి పావుగంట పట్టింది. ఆ పావుగంటలోనే లెన్ మామయ్య నాకొక చిన్న పని అప్పగించాడు. అంత చిన్న పనిని నేనెలా పాడుచేశానో ఈ వారం చెప్పాలి. చెప్పకుండా దాటేద్దామని రెండు రోజులు చూశాను. కుదరలేదు.

కొత్తగా చదువుతున్నవాళ్ళకి నాలుగు ముక్కలు. హాట్ కోల్స్ అనేది మా బ్యాండు పేరు. మాకు సొంత పాట ఒక్కటీ లేదు. మేం పుట్టకముందు అమెరికాలో నల్లవాళ్ళు పాడిన సోల్ పాటల్ని, మూతపడిన బొగ్గు గనుల ఊళ్ళలో, కార్మికుల క్లబ్బుల్లో తిరిగి వాయిస్తాం. లెన్ మామయ్య మా అమ్మకి తమ్ముడు. స్కూలు బస్సు నడుపుతాడు, బేస్ గిటార్ వాయిస్తాడు, బ్యాండుకి పెద్ద ఆయనే. పాడేదీ ఆర్గాన్ వాయించేదీ బెర్నీ. గని మూసేశాక బెర్నీకి ఈ పాటలు తప్ప వేరే పని దొరకలేదు. డ్రమ్ముల టాట్ వ్యాన్ ఎక్కగానే నిద్రపోతాడు. నేను హేజెల్‌ని. మా ఊరు స్టోన్‌గిల్ గని బ్యాండులో నేర్చుకున్న కార్నెట్, అంటే చిన్న బాకా, వాయిస్తాను. పదహారేళ్ళు. ఈ నలుగురికీ తోడు రెండు వారాల క్రితం కొరీన్ వచ్చింది. లీడ్స్ నుంచి. పంతొమ్మిదేళ్ళు. సాక్సాఫోన్.

కొరీన్ గురించి చెడ్డగా రాయడానికి నాకేమీ దొరకలేదు. అసలు బాధ అదే.

మా పాటల్లో ఒక నెమ్మది పాట ఉంది. దాని మధ్యలో బెర్నీ గొంతు ఆపేస్తాడు. అరనిమిషం పాటు ఊదే వాద్యం ఒక్కటే పలకాలి. ఆ అరనిమిషం కోసం నేను ఒక చలికాలమంతా మామయ్య ఇంట్లో గ్రామఫోను ముందు బోర్లా పడుకుని, సూదిని వెనక్కి వెనక్కి పెట్టి, ఒక్కో స్వరాన్నీ లెక్కల పుస్తకం వెనక రాసుకున్నాను. కొరీన్ దాన్ని బుధవారం రిహార్సల్లో రెండుసార్లు వింది. మూడోసారి వాయించింది. మామయ్య బేస్ వాయించడం ఆపేసి నవ్వాడు.

"హేజెల్ తల్లీ, అది సాక్సాఫోన్ మీద నిండుగా వస్తోంది కదే. ఇకనుంచి కొరీన్ తీసుకుంటుంది. నీకేం పర్లేదుగా?"

"పర్లేదు మామయ్యా," అన్నాను. నేను ఎప్పుడూ అలాగే అంటాను.

ఇక ఆ గొర్రెల దగ్గరికి వస్తాను. వ్యాన్ ఆగి ఉంది. కొరీన్ కిటికీలోంచి గొర్రెలతో ఏదో మాట్లాడుతోంది. మామయ్య అద్దంలోంచి నన్ను చూశాడు.

"హేజెల్, ఈ పిల్ల ఇంతవరకూ పెళ్ళిళ్ళలోనే వాయించింది. గని ఊరి క్లబ్బు ఎక్కడం ఇదే మొదలు. మన పద్ధతులు కాస్త చెప్పు."

చెప్పడం మొదలుపెట్టాను కూడా. గోడవార కుర్చీల్లో కూర్చోకు, అవి ఒక్కొక్కటీ ఒక్కో మనిషిది, వాటిలో రెండు మూడు చనిపోయినవాళ్ళవి అన్నాను. కమిటీవాళ్ళు టీ ఇస్తే వద్దనకు అన్నాను. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. అది చెప్పబోతుంటే కొరీన్ ముందుకి వంగి, "లెన్ బాబాయ్, కొంచెం టీ," అంది. మామయ్య ఫ్లాస్కు మూత తిప్పి, అందులో పోసి ఆమెకిచ్చాడు. నాకు పన్నెండేళ్ళప్పటి నుంచీ ఆ మూతలో టీ తాగేది నేను. నా పంటిగాటు కూడా ఉంటుంది దాని అంచు మీద.

మూడోది చెప్పలేదు. తర్వాత చెప్దాంలే అనుకున్నాను. అప్పటికి అంతే, ఒట్టు.

క్రేక్‌మూర్ క్లబ్బులో ఆదివారం మధ్యాహ్నం ఆట. పన్నెండున్నరకి మా పాటల మొదటి సెట్, ఆ తర్వాత చీటీల మీద నంబర్లు కొట్టేసుకునే బింగో ఆట, ఒకటిన్నరకి రెండో సెట్, రెండున్నరకల్లా అందరూ ఇళ్ళకి వెళ్ళి వేయించిన మాంసం తినాలి. హాలు నిండిపోయింది. ఆ ఆదివారం బింగోలో నెలల తరబడి ఎవరూ గెలవక పెరుగుతూ వచ్చిన పెద్ద బహుమతి ఉందట. పక్క ఊళ్ళ నుంచి కూడా వచ్చారు.

మొదటి సెట్ బాగా సాగింది. నాలుగో పాట ఆ నెమ్మది పాట. బెర్నీ గొంతు ఆగింది. కొరీన్ ఒక్క అడుగు ముందుకి వేసింది. నేనైతే ఎప్పుడూ అడుగు వేయలేదు. ఉన్నచోటే నిలబడి, బూట్లకేసి చూస్తూ వాయించేదాన్ని. ఆమె హాలుకేసి చూస్తూ వాయించింది. ముందు బల్ల దగ్గర ఒక లావాటాయన గ్లాసు నోటిదాకా తెచ్చి అక్కడే ఉంచేశాడు. అయిపోయాక ఈలలు, చప్పట్లు, బల్లల మీద గుద్దులు. బెర్నీ మైకులోనే, "ఈ పిల్లని ఎక్కడ దాచిపెట్టారయ్యా ఇన్నాళ్ళూ?" అన్నాడు. నన్నెవరూ దాచిపెట్టలేదు. నేను మూడేళ్ళ నుంచీ అక్కడే ఉన్నాను.

సెట్ అయ్యాక మగవాళ్ళు ముగ్గురూ బీరు కోసం హాల్లోకి వెళ్ళారు. స్టేజీ వెనక గదిలో మేమిద్దరమే మిగిలాం. అది గది కూడా కాదు. స్టేజీకీ దానికీ మధ్య ఉన్నది ఒక పరదా, ఒక చెక్క పలక, అంతే. ఆ పలకకి అవతల, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, క్లబ్బు సెక్రటరీ విల్ఫ్ క్రాగ్ బల్ల వేసుకుని మైకు సర్దుకుంటున్నాడు.

"కళ్ళు కిందికి," అన్నాడు మైకులో. బింగో మొదలు.

హాలు మొత్తం చప్పున సద్దుమణిగింది. మూడొందల మంది ఊపిరి బిగబట్టారు. బారులో బీరు పోయడం ఆపేస్తారు. తలుపు దగ్గర ఉన్నవాళ్ళు తలుపు పట్టుకుని అలాగే నిలబడతారు. నాలుగేళ్ళప్పుడు నేను బింగో వేళ తుమ్మితే మా నాన్న నన్ను చంకనెత్తుకుని వర్షంలోకి పరిగెత్తాడు. చెప్పాల్సిన మూడో పద్ధతి ఇదే. బింగో నంబర్లు పిలుస్తుంటే చీమ కూడా చిటుక్కుమనకూడదు.

"రెండు బాతులు, ఇరవై రెండు... ఒంటరిగా, ఆరు..." ఒక్కో అంకెనీ దాని ముద్దుపేరుతో పిలుస్తున్నాడు విల్ఫ్.

నంబర్లు చాలా వెళ్ళాక కొరీన్, సాక్సాఫోన్‌ని పలికించే రెల్లు ముక్క కొత్తది తీసి, నోట్లో నానబెట్టి దాని మూతికి బిగించింది. నా వైపు వంగి గుసగుసగా అడిగింది.

"హేజెల్, ఇది మాట వినేలా లేదు. ఇక్కడ ఒక్కసారి ఊదుకుంటే ఎవరికైనా ఇబ్బందా? అసలు మనకి ఎంత టైముంది?"

రెండు ప్రశ్నలు అడిగింది. నేను రెండోదానికి జవాబు చెప్పాను.

"ఇరవై నిమిషాలు."

"థాంక్స్ రా," అంది.

సాక్సాఫోన్‌ని నోటి దాకా ఎత్తడానికి ఎంతసేపు పడుతుంది? నాకు ఆ వేళ చాలాసేపు పట్టినట్టనిపించింది. ఆమె పట్టీ సర్దుకుంది. పెదాలు తడుపుకుంది. చెయ్యి పట్టుకుని ఆపొచ్చు. తల అడ్డంగా ఊపినా చాలు. నేను నా కార్నెట్‌లోంచి ఉమ్మి వంపుకుంటూ కూర్చున్నాను.

ఆమె ఊదింది. అందులోనూ ఆ అరనిమిషమే ఊదింది.

ముందు మెల్లగానే మొదలైంది. రెల్లు మంచిదే అని తెలియగానే గొంతు విప్పింది. పలకకి అవతలున్న మైకు దాన్ని పట్టుకుని హాలు నాలుగు గోడలకీ విసిరేసింది. సాక్సాఫోన్ కింద ఎక్కడో విల్ఫ్ గొంతు ఒక అంకె చెప్పింది. ఎవరికీ సరిగా వినపడలేదు. ముప్పై ఏళ్ళ అలవాటు కదా, ఆగకుండా ఇంకో అంకె కూడా గట్టిగా చెప్పేశాడు. వెనక బల్లల నుంచి ఒక మగ గొంతు "హౌస్!" అని, తన చీటీ నిండిందని, అరిచింది. ఆ వెంటనే ముందు నుంచి ఒక ఆడ గొంతు కూడా అరిచింది. అది ఆలస్యం.

ఆ తర్వాత అరుపులకి పై కప్పు లేచిపోయింది.

"ఎవడ్రా ఆ బాకా ఊదింది?"

"లోపల దూడ తప్పిపోయిందా ఏంటి?"

"ఎట్టీ అవ్వ నంబరయ్యా అది! ముందు పిలిచింది ఆమె నంబరు!"

కొరీన్ సాక్సాఫోన్ దించింది. ముఖం సున్నంలా అయిపోయింది. "నేనా? నన్నేనా వాళ్ళు తిడుతున్నది?"

పరదా పక్కకి లాగి విల్ఫ్ క్రాగ్ లోపలికొచ్చాడు. పొట్టివాడు, కోటు మీద క్లబ్బు బిళ్ళ. అతని వెనకే మామయ్య పరిగెత్తుకొచ్చాడు, మీసం మీద బీరు నురగతో.

"లెన్నూ," అన్నాడు విల్ఫ్, "నువ్వూ నేనూ పదేళ్ళు ఒకే లిఫ్టులో గనిలోకి దిగాం. అందుకే మైకులో చెప్పకుండా ఇక్కడికొచ్చి చెప్తున్నా. సామాన్లు సర్దుకోండి."

"విల్ఫ్, ఆగు. ఏమైంది అసలు?"

"ఏమైందా? ఎట్టీ లాంబ్‌కి ఒక్క నంబరు మిగిలింది. నలభై ఏడు. పిలిచాను. మీవాళ్ళ సంగీతంలో ఆమెకి వినపడలేదు. తర్వాతి నంబరుకి అవతలి ఊరివాడెవడో హౌస్ అన్నాడు. తర్వాతి నంబరు పిలిచాక ముందుదాని మీద హక్కు లేదు. అది నేను రాసిన నియమం కాదు. డెబ్భై ఆరేళ్ళ ముసలమ్మ అక్కడ ఏడుస్తోంది. నేనేం చెప్పను ఆమెకి? పాట బాగుందని చెప్పనా?"

మామయ్య నురగ తుడుచుకున్నాడు. ఒక క్లబ్బు సగంలో పంపించేస్తే ఏమవుతుందో మా అందరికీ తెలుసు. సోమవారం జిల్లాలోని క్లబ్బు సెక్రటరీలందరూ కలుస్తారు. మంగళవారానికల్లా ఫోన్లు మొదలవుతాయి. వేసవి దాకా రాసుకున్న ఆటలన్నీ ఒక్కొక్కటే కొట్టేస్తారు. మామయ్యకి స్కూలు బస్సుంది. నాకు స్కూలుంది. బెర్నీకి ముగ్గురు పిల్లలు.

"విల్ఫ్, ఈ పిల్ల కొత్తది. దానికి తెలీదు."

"తెలీకపోతే చెప్పాలిగా? ఇదిగో, ఈ స్టోన్‌గిల్ పిల్ల పక్కనే ఉందిగా! క్లబ్బు బల్లల కింద పాకుతూ పెరిగింది ఇది. దీనికీ తెలీదా?"

మామయ్య నా వైపు తిరిగాడు. కోపంగా కాదు. నామీద ఆయనకి అనుమానం రావడమనేదే లేదు.

"హేజెల్, చెప్పావు కదే? పొద్దున నీకు చెప్పమన్నాను."

నేను కార్నెట్ మీటలు తుడవడం మొదలుపెట్టాను. జనం ముందు నాకు మాట రాదని ఇంట్లో అందరికీ తెలుసు. ఆ సిగ్గు చాటున ఎన్నో దాచుకున్నాను. ఇది కూడా దాచుకోవచ్చనుకున్నాను.

"చెప్పింది బాబాయ్," అంది కొరీన్. "తను చెప్పింది. నేనే మర్చిపోయాను."

మామయ్య ముఖం మారింది. "చెప్పినా ఊదావా?"

"తప్పే."

మామయ్య ఆమెకేసి చూసిన చూపులో బుధవారం నాటి నవ్వు లేదు. నాకు ఆ క్షణం సంతోషమేసింది. అబద్ధం రాయను. కడుపులో వేడి టీ దిగినట్టు హాయిగా అనిపించింది. అప్పుడు కొరీన్, వాళ్ళు చూడకుండా, నా వేళ్ళు పట్టుకుని నొక్కింది. చెవి దగ్గర మెల్లగా, "భయపడకు. నువ్వు మర్చిపోయావని నాకు తెలుసు," అంది.

విల్ఫ్ కాసేపు బూట్ల మీద ముందుకీ వెనక్కీ ఊగాడు.

"ఒక్క మాట. ఊదిన పిల్ల ఇప్పుడే బయటికొచ్చి, మైకులో, ఎట్టీకి క్షమాపణ చెప్పాలి. ఎట్టీ సరే అంటే రెండో సెట్ ఉంటుంది. సరిగ్గా ఒకటిన్నరకి, ఐదుగురూ ఎక్కాలి. పోస్టరు మీద ఐదుగురని వేయించాను. ఒక్క మనిషి తగ్గినా ఆట లేదు, ఈ జిల్లాలో మళ్ళీ పిలుపూ లేదు."

"నేను చెప్తాను," అంది కొరీన్.

పరదా సందులోంచి చూశాను. ఆమె సాక్సాఫోన్ మెడలో వేలాడుతుండగానే మైకు దగ్గరికి నడిచింది. వెనక నుంచి ఎవడో "మ్మ్బా..." అని దూడలా అరిచాడు. నవ్వులు. ఆమె కూడా కొద్దిగా నవ్వింది.

"దూడ నేనే," అంది. "ఎట్టీ అవ్వా, మీ నంబరు మింగేసింది నేనే. క్షమించండి. తెలిసి చేసినా తెలియక చేసినా పోయింది మీకు. నేను దాన్ని తెచ్చివ్వలేను."

ముందు బల్ల దగ్గర నీలం టోపీ పెట్టుకున్న ముసలావిడ కళ్ళు తుడుచుకుంది.

"ఇలా రావే పిల్లా. దగ్గరికి రా, నేను లేవలేను. ఎవరి పిల్లవి?"

"లీడ్స్ అవ్వా."

"అదీ సంగతి," అంది ఎట్టీ అవ్వ చుట్టూ చూస్తూ. "లీడ్స్‌లో వాళ్ళకి బింగో అంటే ఏం తెలుసు పాపం? ఏడవకు. నా నలభై ఏడుని మింగితే మింగావు కానీ, బాగా ఊదావే తల్లీ. మా ఆయన బతికుంటే నీకు ఒక గ్లాసు కొనిచ్చేవాడు."

హాలంతా నవ్వింది. చప్పట్లు కొట్టింది. మొదటి సెట్‌లో కొట్టినదానికన్నా గట్టిగా. ఆ లావాటాయన లేచి నిలబడి మరీ కొట్టాడు. పరదా పక్కన మామయ్య నా భుజం మీద చెయ్యి వేసి, కళ్ళు మెరుస్తుండగా, "చూశావటే ఎలా గెలుచుకొచ్చిందో! బంగారం," అన్నాడు.

నాకు అదే ఎక్కువైపోయింది.

నా అరనిమిషం తీసుకుంది. ఫ్లాస్కు మూత తీసుకుంది. ఇప్పుడు నా తప్పు కూడా తీసుకుంది, దానికి కూడా చప్పట్లు కొట్టించుకుంది. ఆ తప్పైనా నాది. నేను చేసింది. తర్వాత ఏమీ దాచుకోకుండా ఆలోచించి చూశాను, నేను స్టేజీ మీదికి వెళ్ళింది పశ్చాత్తాపంతోనా, కుళ్ళుతోనా అని. రెండూ ఉన్నాయి. ఏది ముందు నడిచిందో చెప్పలేను.

మైకు నా ఎత్తుకి లేదు. మునివేళ్ళ మీద నిలబడ్డాను.

"ఆమె మర్చిపోలేదు. నేను చెప్పలేదు."

నా గొంతు అంత పెద్దగా ఎప్పుడూ వినలేదు. హాల్లో నవ్వు ఆగింది.

"ఏమంటోంది ఆ పిల్ల?" అన్నారెవరో.

"ఇక్కడ ఊదొచ్చా అని నన్ను అడిగింది. నంబర్లు పిలుస్తున్నారని నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాను. కావాలనే ఊరుకున్నాను."

ఎట్టీ అవ్వ టోపీ వెనక్కి తోసుకుని నన్ను చూసింది.

"ఎందుకే?"

"ఆమె నాకన్నా బాగా వాయిస్తుందని."

మూడొందల మంది ఉన్న హాల్లో విల్ఫ్ నంబర్లు పిలిచేటప్పుడు ఉండే నిశ్శబ్దం మళ్ళీ వచ్చింది. నేను ఎట్టీ అవ్వనే చూస్తున్నాను, కొరీన్‌ని చూడలేక. కానీ చూడాల్సొచ్చింది. ఆమె ముఖంలో కోపం లేదు. కోపమైతే నాకు అర్థమయ్యేది. వీధిలో పరిచయమున్న మనిషనుకుని పలకరించి, దగ్గరికెళ్ళాక కాదని తెలుసుకున్నప్పుడు ఎలా చూస్తాం? అలా చూసింది.

తర్వాత ఆమె బల్లల మధ్య నుంచి నడిచింది. పరిగెత్తలేదు. కుర్చీలు జరిపి దారిచ్చారు. కోటు వేసుకోలేదు, సాక్సాఫోన్ పెట్టె తీసుకోలేదు. వీధి తలుపు తెరుచుకుంది, చల్లగాలి లోపలికొచ్చింది, తలుపు మూసుకుంది.

"ఒంటిగంటా ఇరవై," అన్నాడు విల్ఫ్ గోడ గడియారం చూసి. ఎవరికీ కాకుండా అన్నాడు.

మామయ్య స్టేజీ మీదికొచ్చాడు. నన్ను కొడతాడేమో అనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. ఆయన నా ముఖంకేసి కూడా చూడలేదు. నా చేతిలో ఉన్న కార్నెట్‌కేసి చూస్తూ మాట్లాడాడు.

"వెళ్ళి తీసుకురా. పది నిమిషాలుంది. ఆమె రాకపోతే నువ్వూ రావద్దు."

వెనక ఆర్గాన్ దగ్గర బెర్నీ కూర్చున్నాడు. వాయించడం లేదు. చేతులు మీటల మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఎప్పుడూ జోకులేసే మనిషి. "త్వరగా, బుజ్జీ," అన్నాడంతే.

పరిగెత్తాను. బయట సన్నగా మంచు రాలుతోంది. ఆదివారం క్రేక్‌మూర్ నుంచి డర్హమ్‌కి ఒకే ఒక్క బస్సు. అది మలుపు దగ్గర ఆగి ఉంది, ఇంజను ఆడుతోంది. కొరీన్ అప్పటికే మెట్టెక్కి డ్రైవరు చేతిలో చిల్లర పెడుతోంది.

"కొరీన్!"

వినపడింది. భుజాలు బిగుసుకున్నాయి. కానీ తిరగలేదు. లోపలికి వెళ్ళి మధ్య వరసలో కిటికీ పక్కన కూర్చుంది. బస్సులో ఆమె తప్ప ఎవరూ లేరు. నేను అద్దం మీద కొట్టాను. "దిగు! దయచేసి దిగు! బెర్నీ కోసం దిగు!" అన్నాను. ఆమె ఊపిరికి అద్దం మసకబారింది. ఆ మసకలోంచి నాకు ఆమె కళ్ళు కనపడలేదు.

డ్రైవరు నా వైపు వంగాడు. "ఎక్కుతావా పిల్లా, ఏంటి సంగతి? నాకు టైమైంది."

"ఒక్క నిమిషం అన్నా. ఒక్క నిమిషం ఆపు."

"నిమిషం నిమిషం అంటే ఈ మంచులో కొండ దిగినట్టే. ఎక్కు, లేదా జరుగు."

క్లబ్బుకేసి చూశాను. మెట్ల మీద మామయ్య నిలబడి ఉన్నాడు. ఎక్కొద్దని చెయ్యి ఊపుతున్నాడో, ఎక్కమని ఊపుతున్నాడో ఆ మంచులో తెలియలేదు. నేను దిగువనే నిలబడిపోతే కొరీన్ వెళ్ళిపోతుంది. ఎక్కితే ఇద్దరం వెళ్ళిపోతాం. ఎలా చూసినా ఒకటిన్నరకి స్టేజీ మీద ముగ్గురే ఉంటారు, ఆమెని నేను దించగలిగితే తప్ప.

నా దగ్గర టిక్కెట్టుకి పైసా లేదు. కోటు లేదు. చేతిలో కార్నెట్ ఉంది.

ఎక్కాను.

డబ్బులేవని డ్రైవరు అడగలేదు, నా వెనక తలుపు మూసుకుంది. బస్సు కదిలింది. కడ్డీ పట్టుకుని, ఊగుతూ, మధ్య వరస దాకా వెళ్ళాను. కొరీన్ తల తిప్పి నన్ను చూసింది. మెడలోంచి పట్టీ తీసింది. సాక్సాఫోన్‌ని జాగ్రత్తగా, పసిపిల్లని పడుకోబెట్టినట్టు, తన పక్క సీట్లో పెట్టింది. ఇక అక్కడ ఎవరూ కూర్చోవడానికి చోటు లేదు.

"నువ్వు దిగడానికి తర్వాతి స్టాపు ఇంకా రెండు మైళ్ళుంది," అంది. "అంతవరకూ నిలబడే చెప్పు. మొదటి నుంచి చెప్పు."